అన్నవరం కొండ మీద పెళ్ళి – వీడియో ఎవరి చేత తీయిద్దాం?

పెళ్ళి అనగానే మన ఆడవాళ్ళం ముందు వేటి గురించి ఆలోచిస్తాం? ముహూర్తం కుదిరిందా, చీరలు ఎక్కడ కొందాం, వంటవాళ్ళు ఎవరు, సారెలోకి మినపసున్నుండలు ఎన్ని, అరిసెలు ఎన్ని... ఇవన్నీ తేలి, శుభలేఖలు సగం పంచేశాక, "అన్నట్టు, వీడియో అబ్బాయికి చెప్పారా?" అని ఎవరో అడుగుతారు. అప్పటికప్పుడు ఎవరో ఒకర్ని మాట్లాడేస్తాం.

ఒక్కసారి ఆలోచించండి. పదహారు రోజుల పండగ అయిపోయాక పూలు వాడిపోతాయి. తిన్న భోజనం ఎలా ఉందో కూడా మర్చిపోతాం. పట్టుచీర బీరువాలోకి వెళ్ళిపోతుంది. చివరికి మన చేతిలో మిగిలేవి ఫొటోలూ, వీడియోనే. అలాంటిదాన్ని అందరికంటే ఆఖర్న మాట్లాడుకోవడం న్యాయమేనా, మీరే చెప్పండి.

మా అన్నయ్య కూతురి పెళ్ళి 2023 మాఘమాసంలో అన్నవరం కొండ మీద జరిగింది. పెళ్ళివారి మొక్కు అది. అంతకు రెండు నెలల ముందే మా వదినా నేనూ, తోడుగా అన్నయ్య కొడుకూ కలిసి అన్నవరం వెళ్ళి, పెళ్ళి జరగబోయే చోటు చూసుకుని, వీడియో తీసేవాళ్ళని మాట్లాడుకుని వచ్చాం. ఆ ప్రయాణం సంగతులు మీకూ పనికొస్తాయని రాస్తున్నాను.

సత్యదేవుడి సన్నిధికి

అన్నవరం తెలియని తెలుగు ఇల్లాలు ఉంటుందంటే నేను నమ్మను. గృహప్రవేశమైనా, కొత్త దంపతుల వ్రతమైనా మనం పీట వేసి పూజ చేసుకునేది ఆ సత్యనారాయణ స్వామికే కదా! ఊరు మొన్నమొన్నటి దాకా తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. 2022లో కొత్త జిల్లాలు వచ్చాక కాకినాడ జిల్లాలోకి వెళ్ళింది. విజయవాడ నుంచి విశాఖపట్నం వెళ్ళే రైలు మార్గంలో, సామర్లకోట దాటాక, తుని ఇంకా రాకముందు వస్తుంది. రోడ్డు మీద వెళ్ళేవాళ్ళకి జాతీయ రహదారి పక్కనే.

మేం రాజమండ్రిలో తెల్లవారుజామున రైలెక్కాం. వదిన పులిహోర పొట్లాలు కట్టుకొచ్చింది. అనపర్తి, బిక్కవోలు, పిఠాపురం, గొల్లప్రోలు... కిటికీలోంచి చూస్తే పొలాలన్నీ మంచులో ఉన్నాయి. కార్తీకమాసం వెళ్ళిపోయి మార్గశిరం వచ్చింది కాబట్టి జనం పల్చగానే ఉన్నారు. కార్తీకంలో అయితే వ్రతాలు చేయించుకునేవాళ్ళతో కొండ కిటకిటలాడిపోతుంది. చోటు చూసుకోవడానికి వెళ్ళేవాళ్ళు ఆ నెల వదిలేసి వెళ్ళండి.

దిగువన తొలి పావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి దణ్ణం పెట్టుకున్నాం. అక్కడి నుంచి మెట్ల దారి ఉంది, సుమారు 460 మెట్లు. ఘాట్ రోడ్డు కూడా ఉంది, బస్సులు తిరుగుతూనే ఉంటాయి. వదినకి మోకాళ్ళ నొప్పులు కనక మేం బస్సే ఎక్కాం. మలుపు తిరిగినప్పుడల్లా కింద పంపా నీళ్ళు మిలమిలా మెరుస్తూ కనిపిస్తాయి. ఆ ఒక్క దృశ్యం చాలు, వచ్చిన అలసట తీరిపోతుంది.

కొండ పేరు రత్నగిరి. మేరువు కొడుకులైన భద్రుడూ రత్నాకరుడూ తపస్సు చేస్తే, భద్రుడు భద్రాచలంగా, రత్నాకరుడు రత్నగిరిగా మారారని స్థలపురాణం చెబుతుంది. ఇప్పుడున్న క్షేత్రం మొదలైంది 1891లో. గుడి రథం ఆకారంలో ఉంటుంది, నాలుగు మూలలా చక్రాలు. కింది అంతస్తులో యంత్రం, పై అంతస్తులో స్వామి. ఒక పక్క అనంతలక్ష్మీ సత్యవతీ అమ్మవారు, మరో పక్క శివుడు. హరిహరులు ఇద్దరూ ఒక్కచోట కనిపిస్తారు కనకనే మనవాళ్ళకి అంత గురి.

దగ్గర్లోనే నీడ గడియారం ఉంది. ఎండ పడితే నీడని బట్టి టైము చెబుతుంది. మా మేనల్లుడు తన ఫోనుతో సరిచూసి, "అత్తా, దీనికి ఛార్జింగు అక్కర్లేదు" అన్నాడు. పిల్లల్ని తీసుకెళ్ళినవాళ్ళు అది చూపించకుండా రాకండి.

చోటుని కెమెరా కంటితో చూడాలి

దర్శనం అయ్యాక మాకు ఇవ్వబోయే మండపం దగ్గరికి వెళ్ళాం. మామూలుగా అయితే ఎంతమంది పడతారు, నీళ్ళు ఎక్కడ, గదులు ఎన్ని అని చూసుకుని వచ్చేస్తాం. ఈసారి మాత్రం వీడియో సంగతి మనసులో పెట్టుకుని చూశాం. అలా చూస్తే ఎన్ని విషయాలు తెలిశాయో!

మొదటిది, వెలుతురు. మా ముహూర్తం రాత్రి పదకొండు దాటాక. పగలు చూసిన అందం రాత్రి ఉండదు. మండపంలో దీపాలు ఎక్కడున్నాయి, ప్లగ్గు పాయింట్లు పనిచేస్తున్నాయా, కరెంటు పోతే జనరేటరు ఎంతసేపట్లో అందుకుంటుంది అని అక్కడి మనిషిని అడిగాం.

రెండోది, చప్పుడు. కొండ మీద మంచి ముహూర్తం రోజున మనది ఒక్కటే పెళ్ళి అనుకోకండి. సత్రాల్లో, మండపాల్లో, చోటు దొరకనివాళ్ళు ఆరుబయట చిన్న పందిరి కింద, ఇలా అదే ముహూర్తానికి ఎన్నో జంటలు ఒక్కటవుతాయి. మన పురోహితుడి మంత్రం, పక్క పెళ్ళి సన్నాయి, అవతలి మైకులో పిలుపు, అన్నీ కలిసిపోతాయి. కెమెరాకి ఉండే చిన్న మైకు మీద ఆధారపడితే వీడియోలో వినిపించేది పక్కింటి పెళ్ళే!

మూడోది, కెమెరా నిలబడే చోటు. పీటల ముందు పెద్దవాళ్ళు కూర్చుంటే, వాళ్ళ ఎదురుగా వీడియో అబ్బాయి వీపు తప్ప ఏమీ కనబడదు. మీకూ అనుభవమే కదా! తలంబ్రాలు పోసుకుంటుంటే కుర్చీల్లో ఉన్న మనం టీవీ తెరలో చూసుకోవాల్సి వస్తోంది. అందుకని పీటలకి ఏ పక్కన కెమెరా పెడితే అందరికీ కనబడుతుందో ముందే గీత గీసుకోవడం మంచిది.

నాలుగోది, అనుమతులు. గర్భాలయంలో ఫొటోలు, వీడియోలు కూడవు. ఆవరణలో ఎక్కడ దాకా తీయనిస్తారో దేవస్థానం ఆఫీసులో అడిగి తెలుసుకోండి. కొంతమంది స్టూడియోవాళ్ళు డ్రోను ఎగరేసి కొండంతా చూపిస్తామని ఊరిస్తారు. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం డ్రోనుకి గుర్తింపు నంబరు ఉండాలి. గుడి మీద ఎగరెయ్యడానికి సంబంధించినవాళ్ళ అనుమతి చేతిలో ఉంటే తప్ప ఒప్పుకోకండి. పెళ్ళిపీటల మీద కూర్చున్నవాళ్ళు పోలీసులకి సమాధానం చెప్పే పరిస్థితి తెచ్చుకోవద్దు.

ఒక కేసెట్టు కథ

"వీడియో కోసం ఇంత హడావుడి ఏమిటమ్మా?" అని మీరు అనుకోవచ్చు. దానికి కారణం చెబుతాను.

నా పెళ్ళి 2000 సంవత్సరంలో జరిగింది. అప్పుడు కెమెరా భుజాన వేసుకుని ఒకతను, కళ్ళు మిరుమిట్లు గొలిపే లైటు పట్టుకుని ఇంకొకతను, వెనకాల తీగ మోసుకుంటూ మూడో కుర్రాడు. ఆ లైటు వేడికి పెళ్ళికూతురి బాసికం కింద చెమటలు! మూడు గంటల కేసెట్టు. అందులో మిక్సింగు అని చెప్పి తామరపువ్వు విచ్చుకుంటే దాంట్లోంచి పెళ్ళికొడుకు రావడం, హృదయం బొమ్మలో మా ఇద్దరి మొహాలు తిరగడం. అప్పట్లో అందరం మురిసిపోయాం.

మా నాన్నగారు 2011లో పోయారు. కొన్నాళ్ళకి అమ్మ, "ఆయన గొంతు ఒకసారి వినాలని ఉందే" అంది. నాన్నగారు కెమెరాలో పడింది నా పెళ్ళిలోనే. కేసెట్టు తీస్తే రీలు మీద తెల్లగా బూజు. వేసి చూసే డెక్కు ఇంట్లో ఎప్పుడో పాడైపోయింది. ఊళ్ళో ఒక షాపులో ఇచ్చి శుభ్రం చేయించి, డీవీడీగా మార్పించాం. ఇల్లంతా టీవీ ముందు కూర్చున్నాం.

కన్యాదానం దగ్గర నాన్నగారు కనిపించారు. మావారి కాళ్ళు కడిగి, నా చెయ్యి ఆయన చేతిలో పెట్టి, పురోహితుడు చెప్పినట్టు ప్రవర చెబుతున్నారు. పెదవులు కదులుతున్నాయి. వినిపించేది మాత్రం సినిమా పాట! ఆ మూడు గంటలూ అంతే. మిక్సింగులో మాటలన్నీ తీసేసి పాటలు వేసేశారు. ముందు తీసిన అసలు కేసెట్టు ఉందేమోనని అడిగిస్తే, అలాంటివి దాచరనీ, దాని మీదే ఇంకో పెళ్ళి తీసేస్తారనీ చెప్పారు. అమ్మ ఏమీ అనలేదు. లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఇప్పుడు మీకు అర్థమైందా నేను వదినని వెంటబెట్టుకుని అంత దూరం ఎందుకు వెళ్ళానో? అమ్మకిప్పుడు డెబ్భై ఎనిమిది దాటాయి. తుంటి ఎముక విరిగాక మంచం దిగి నాలుగడుగులు వెయ్యడమే గొప్ప. మనవరాలి పెళ్ళికి కొండెక్కలేదు. ఆ పెళ్ళి ఆవిడ చూసేది వీడియోలోనే.

మూడు స్టూడియోలు, మూడు తీరులు

ఆ రెండు రోజుల్లో మేం మూడు చోట్ల మాట్లాడాం.

మొదటిది పెద్ద స్టూడియో. ఏసీ గది, గోడంత టీవీ. మూడు నిమిషాల వీడియో వేశారు. పెళ్ళికూతురు మెల్లగా కన్ను ఎత్తడం, గాలికి పమిట ఎగరడం, ఆకాశం నుంచి మండపం. సినిమాలా ఉంది. వదిన మొహం విప్పారింది. నేను, "నాయనా, పెళ్ళి మొత్తం తీసింది ఒకటి చూపించు. కన్యాదానం నుంచి తలంబ్రాల దాకా" అన్నాను. అతను తడబడ్డాడు. "ఫుల్ వీడియో ఎవరూ చూడరు మేడం, టీజరే అందరూ చూసేది" అన్నాడు. పెళ్ళికి ఎవరు వస్తారని అడిగితే, "ఆ రోజు మాకు నాలుగు ఈవెంట్లు ఉన్నాయి, టీము పంపిస్తాం" అన్నాడు. చూపించింది ఒకరి పనితనం, వచ్చేది ఇంకెవరో! నమస్కారం పెట్టి వచ్చేశాం.

రెండో అతను కుర్రవాడు, చురుకైనవాడు. కెమెరా కొత్తది. పని కూడా బాగుంది. కానీ మాటల్లో, "మంగళసూత్రం కట్టేది ఎన్నింటికి అమ్మా? ముహూర్తం అదే కదా, అప్పటికి రెండు కెమెరాలూ రెడీగా పెడతాను" అన్నాడు. వదినా నేనూ మొహమొహాలు చూసుకున్నాం. మన పెళ్ళిలో సుముహూర్తం అంటే జీలకర్ర–బెల్లం పెట్టే క్షణం. అడ్డుతెర తీసి, ఒకరి తల మీద ఒకరు చెయ్యి ఉంచి, మొదటిసారి చూసుకునే క్షణం అది. ఒక్కసారే వస్తుంది. సూత్రధారణ దాని తర్వాత. వరస తెలియనివాడు ఆ సమయానికి బ్యాటరీ మార్చుకుంటూ కూర్చుంటే మనం పురోహితుణ్ణి మళ్ళీ చెయ్యమని అడగగలమా?

మూడోది కొండ కింద చిన్న షాపు. ఆయనకి యాభై పైబడి ఉంటాయి. కేసెట్ల రోజుల నుంచీ కొండ మీద పెళ్ళిళ్ళు తీస్తున్నారట. గోడంత టీవీ లేదు, కుర్చీలు కూడా రెండే. ఆయన మమ్మల్ని కూర్చోబెట్టి, తనే ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు. "ముహూర్తం ఎన్నింటికమ్మా? మీదేనా మండపం, ఇంకెవరైనా పంచుకుంటున్నారా? పురోహితుడు మీవారా, ఇక్కడివారా? గంపలో తెచ్చే మేనమామ ఎవరు? రాలేనివాళ్ళు ఎవరైనా ఇంట్లో ఉన్నారా?"

ఆ ఆఖరి ప్రశ్న విని వదిన నా వైపు చూసింది. అమ్మ సంగతి చెప్పాం. నా కేసెట్టు సంగతీ చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పురోహితుడి ఉత్తరీయానికి ఒక మైకు, మీ అన్నయ్యగారికి ఒక మైకు పెడతాను. పాటలు వేసిన వీడియో వేరే, మాటలున్న వీడియో వేరే ఇస్తాను" అన్నారు. ఒక పెళ్ళి మొదలంటా చూపించారు. అందులో ఆర్భాటం లేదు. అప్పగింతల దగ్గర మాత్రం ఆ పెళ్ళికూతురి తండ్రి మొహం మీద కెమెరా కదలకుండా ఉంది. వాళ్ళెవరో మాకు తెలియకపోయినా వదిన కళ్ళు తుడుచుకుంది. ఆయనకే బయానా ఇచ్చేశాం. రేటు పెద్ద స్టూడియోవాళ్ళు చెప్పినదాంట్లో సగం.

తక్కువకి చేసేవాళ్ళే మంచివాళ్ళని గానీ, పెద్ద షాపులవాళ్ళు పనికిరారని గానీ నేననడం లేదు సుమండీ! టీజరు ఒక్కటే కాదు, పెళ్ళంతా చూపించగలవాడినీ, మన పద్ధతి తెలిసినవాడినీ ఎంచుకోమంటున్నాను, అంతే.

ఇవి అడగకుండా బయానా ఇవ్వకండి

పెళ్ళిరోజు కెమెరా పట్టుకుని స్వయంగా ఎవరు వస్తారు? ఆ మనిషి తీసిన పెళ్ళి ఒకటి పూర్తిగా చూడండి. రాత్రి ముహూర్తమైతే రాత్రి పెళ్ళే చూడండి. పగటి వెలుతుర్లో ఎవరు తీసినా బాగానే ఉంటుంది.

కెమెరాలు ఎన్ని? ఒక్కటే అయితే, వధువు మొహం చూపించేటప్పుడు వరుడు కనబడడు. కనీసం రెండు ఉండాలి. కెమెరాలో ఒకేసారి రెండు కార్డుల్లో రికార్డయ్యే సౌకర్యం ఉందా అని మా మేనల్లుడు అడిగాడు. ఒక కార్డు పాడైనా రెండోదాంట్లో ఉంటుందట. అది మంచి ప్రశ్న.

మాటలు ఎలా రికార్డు చేస్తారు? విడి మైకులు ఉన్నాయా? మాటలు తీసెయ్యకుండా ఒక కాపీ ఇస్తారా? దయచేసి దీన్ని మర్చిపోకండి.

మొహానికి రంగులు మారుస్తారా? ఈమధ్య అందం పేరుతో చర్మం నునుపు చేసి తెల్లగా మార్చేస్తున్నారు. పసుపు రాసుకున్న మన పిల్ల మొహం సున్నం కొట్టినట్టు అవుతుంది. చామనఛాయ పిల్లని చామనఛాయగానే చూపించమని చెప్పండి. మధుపర్కాలు తెల్లటివి కనక లైటు ఎక్కువైతే బట్టల అంచు కూడా కనబడదు, అది కూడా గుర్తు చెయ్యండి.

తీసినదంతా ఇస్తారా? ఎందులో ఇస్తారు? ఇప్పటి 4కె రికార్డింగు ఎంత నాణ్యంగా తీస్తే అంత చోటు పడుతుంది. ఒక్క గంటకే నలభై, నలభై అయిదు జీబీ అయ్యేవి కూడా ఉన్నాయి. రెండు కెమెరాలతో రాత్రంతా తీసింది చిన్న పెన్ డ్రైవులో పట్టదు. మీరే ఒక హార్డ్ డిస్కు కొని ఇవ్వండి. ఇంటికి వచ్చాక ఇంకో కాపీ చేసి వేరే ఊళ్ళో ఉన్న బంధువుల దగ్గర ఉంచండి. కేసెట్లు చూసే డెక్కుల తయారీ కూడా 2016తో ఆగిపోయింది. రేపు ఈ పెన్ డ్రైవులకీ అదే గతి పట్టవచ్చు. అందుకని అయిదారేళ్ళకోసారి అప్పుడు వాడకంలో ఉన్నదాంట్లోకి మార్చుకుంటూ ఉండాలి. ఆవకాయ జాడీ తిరగేసి చూసుకున్నట్టే ఇది కూడా!

మన పిల్లల వీడియో వాళ్ళ ప్రచారానికి ఫేస్‌బుక్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో పెడతారా? మనల్ని అడగకుండా పెట్టకూడదని కాగితం మీద రాయించుకోండి. ఆడపిల్లలు ముస్తాబయ్యే గదిలోకి ఏ వేళకి రావచ్చో, ఏ వేళకి రాకూడదో ముందే చెప్పెయ్యండి.

డబ్బు ఒక్కసారే ఇవ్వకండి. బయానా కొంత, పెళ్ళినాడు కొంత, వీడియో చూసుకున్నాక మిగతాది. ఎన్నాళ్ళలో ఇస్తారో తేదీతో సహా రాయించుకోండి.

ఆ రోజు మనం చెయ్యాల్సినవి

వీడియో మనిషికి మన బంధువులు తెలియరు. అందుకని చుట్టాలందర్నీ గుర్తుపట్టగల ఒక కుర్రాణ్ణి ఆయన పక్కన ఉంచండి. "అదిగో పెద్ద మేనత్త, ఇదిగో పెళ్ళికొడుకు బాబాయి" అని చెబుతూ ఉంటాడు. లేకపోతే ఎవరి చీర తళతళలాడితే వాళ్ళే వీడియో నిండా ఉంటారు. మూల కుర్చీలో కూర్చున్న మామ్మగారు ఎక్కడా కనబడదు.

పెళ్ళి తంతు వరస ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. స్నాతకం, కాశీయాత్ర, గౌరీపూజ, గంప, కన్యాదానం, జీలకర్ర–బెల్లం, సూత్రధారణ, తలంబ్రాలు, బ్రహ్మముడి, సప్తపది, అరుంధతీ దర్శనం, నాగవల్లి, అప్పగింతలు. ఒక్కొక్క ఇంటి ఆనవాయితీ ఒక్కొక్క తీరు. మీ ఇంట్లో ఏది ఉందో, ఏది లేదో పురోహితుణ్ణి అడిగి రాసుకోండి.

ఇంకో మాట. వాళ్ళూ మనుషులే. అందరూ భోజనాలకి లేచేటప్పుడు వాళ్ళు పని చేస్తూ ఉంటారు. వాళ్ళు ఖాళీ అయ్యేసరికి వంటశాలలో గిన్నెలు కడిగేస్తుంటారు. వాళ్ళ పేరున నాలుగు విస్తళ్ళకి సరిపడా తీసి పక్కన ఉంచమని వంటవాళ్ళకి చెప్పండి. మా వదిన ముహూర్తానికి గంట ముందే వాళ్ళకి ఫలహారం పెట్టించింది. తెల్లవారుజామున అప్పగింతల వేళ కూడా ఆయన విసుక్కోకుండా తీశారంటే, అందులో ఆ ఉప్మాకి కూడా పాలు ఉంది!

దూరాన ఉన్నవాళ్ళ కోసం లైవ్ పెడుతుంటే, ముందురోజే అక్కడ ఫోను సిగ్నలు చూసుకోండి. జనం ఎక్కువైతే సిగ్నలు నీరసిస్తుంది. లైవ్ జరుగుతుండగా మైకులో సినిమా పాటలు వేయించకండి. హక్కుల గొడవ వచ్చి యూట్యూబు మధ్యలో ఆపేసే ప్రమాదం ఉంది.

అమ్మ చూసిన పెళ్ళి

మా పెళ్ళినాడు అనుకున్నట్టే సిగ్నలు సరిగ్గా లేదు. రాజమండ్రిలో అమ్మ దగ్గర కూర్చున్న మా చెల్లెలు, "బొమ్మ ఆగిపోతోందే" అని రెండుసార్లు ఫోను చేసింది. గట్టిమేళం మాత్రం వినబడిందట, బొమ్మ కనబడలేదట. సరే, తర్వాత చూపిద్దాంలే అనుకున్నాం.

చెప్పిన తేదీకి రెండు రోజులు ముందే ఆయన వీడియో పంపించారు. అన్నయ్య టీవీకి తగిలించాడు. అమ్మని దిండ్లు ఎత్తుపెట్టి కూర్చోబెట్టాం. కన్యాదానం వచ్చింది. పక్క మండపంలో ఎవరిదో సన్నాయి దూరంగా వినబడుతోంది. దాని మీద స్పష్టంగా అన్నయ్య గొంతు. మీకు తెలుసుగా, ప్రవరలో మూడు తరాలు చెబుతారు. ఫలానావారి మునిమనవరాలిని, ఫలానావారి మనవరాలిని, ఫలానావారి కూతురిని అని. అలా మూడుసార్లు. రెండో పేరు మా నాన్నగారిదే.

మొదటిసారి నాన్నగారి పేరు చెప్పేటప్పుడు అన్నయ్య గొంతు కొంచెం జీరపోయింది. పురోహితుడు ఆగి, "మళ్ళీ చెప్పండి" అన్నాడు. అది కూడా రికార్డయింది. అమ్మ టీవీ వంక చూస్తూ, "ఒరేయ్, వెనక్కి తిప్పు" అంది. తిప్పాడు. మళ్ళీ వింది. ఆ సాయంత్రం ఎన్నిసార్లు తిప్పించిందో లెక్క లేదు. నాన్నగారి గొంతు ఎలాగూ రాదు. ఆయన కొడుకు గొంతులో ఆయన పేరైనా ఇంట్లో వినబడుతోంది. ఇప్పటికీ ఆదివారం పూట అమ్మ అది పెట్టమంటుంది. మూడు నిమిషాల టీజరు మాత్రం ఇంతవరకు అడగలేదు.

వెళ్ళేవాళ్ళకి నాలుగు మాటలు

అన్నవరంలో పెళ్ళి చెయ్యదలిస్తే ముందుగానే దేవస్థానం ఆఫీసులో మండపం, గదుల సంగతి కనుక్కోండి. వధూవరుల వయసు తెలిపే కాగితాలు దగ్గర ఉంచుకోండి. చట్ట ప్రకారం అమ్మాయికి పద్దెనిమిది, అబ్బాయికి ఇరవై ఒకటి నిండాలి. పెళ్ళి రిజిస్ట్రేషనుకి పెళ్ళిఫొటోలు కావాల్సి వస్తాయి కనక, వీడియోతో పాటు రెండు మంచి ఫొటోలు వెంటనే ఇమ్మని అడగండి. వృద్ధులు ఉంటే గది మండపానికి దగ్గరగా తీసుకోండి. మాఘమాసం రాత్రి కొండ మీద చలిగాలి ఉంటుంది, శాలువాలు మర్చిపోకండి. తెల్లారాక కొత్త దంపతుల చేత అక్కడే వ్రతం చేయించుకుని దిగితే ఇంకో ప్రయాణం కలిసొస్తుంది.

దిగేటప్పుడు ప్రసాదం తెచ్చుకోవడం ఎవరూ చెప్పక్కర్లేదు. గోధుమ నూకతో, నేతితో ఘుమఘుమలాడే ఆ ఆకు పొట్లం చేతిలో వేడిగా ఉండగా తింటే ఆ రుచే వేరు. మనం ఇంట్లో ఎంత నెయ్యి పోసి చేసినా ఆ రుచి రాదు. వీడియో తీసినవాళ్ళకి కూడా ఒక పొట్లం ఇచ్చి పంపండి.

మీ ఇంట్లో త్వరలో శుభకార్యం ఉంటే, వంటవాళ్ళని మాట్లాడిన రోజునే వీడియోవాళ్ళనీ మాట్లాడండి. ముందుగా అడగాల్సిన మాట మాత్రం ఒక్కటే: "మా వాళ్ళ మాటలు మాకు వినిపిస్తాయా?"